కబురు ఎవరికి అందాలి?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరం, లోపల కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి సందేశంలో వచ్చిందంటే చాలు, ఐఫోన్‌లో దాన్ని చూపించే యాప్ అక్కడికక్కడే మూతపడేది. మెసేజెస్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ అన్నీ దాని బారిన పడ్డాయి. కొందరు ఆకతాయిలు పనిగట్టుకుని ఆ అక్షరాన్ని ఇతరులకు పంపడం మొదలుపెట్టారు. తర్వాత ఇంజనీర్లు తరచి చూస్తే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కూర్పులే ఇదే పని చేస్తున్నాయని తేలింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది.

ఇలాంటి లోపాన్ని ఆపిల్‌కు నివేదించాలనుకునే డెవలపర్‌కు అప్పట్లో ఒక ఇబ్బంది ఉండేది. ఆ సంస్థ లోపాల నమోదు వ్యవస్థలో ఎవరు పంపిన నివేదిక వాళ్లకే కనిపించేది. అదే సంగతి అంతకుముందే ఇంకెవరైనా చెప్పి ఉంటే ‘డూప్లికేట్’ అని ముద్ర పడేది. మొదటి నివేదికలో ఏముందో రెండోవారు చూసే వీలు లేదు. ఆ చీకటిని భరించలేకే డెవలపర్లు 2008 నుంచి ‘ఓపెన్ రాడార్’ పేరుతో తమ నివేదికల నకళ్లను అందరికీ కనిపించేలా పెట్టుకుంటూ వచ్చారు. లోపం ఉందని చెప్పడం ఒక ఎత్తు. చెప్పాక దాని సంగతులు ఎవరెవరికి తెలుస్తూ ఉండాలన్నది మరో ఎత్తు. సాఫ్ట్‌వేర్ ప్రపంచం ముప్పై ఏళ్లుగా ఈ రెండో ప్రశ్నతో కుస్తీ పడుతూనే ఉంది.

మాదాపూర్‌లోనైనా, మధురవాడలోనైనా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అడుగుపెడితే రోజుకు పదిసార్లు వినిపించే మాటలు రెండు: “టికెట్ రెయిజ్ చేశారా?”, “నన్ను కూడా లూప్‌లో పెట్టండి.” మొదటి మాటకు జవాబు ఇష్యూ ట్రాకర్. జిరా, బగ్‌జిల్లా, రెడ్‌మైన్, గిట్‌హబ్ ఇష్యూస్... పేరేదైనా పని ఒకటే. ప్రతి లోపానికీ, ప్రతి కొత్త కోరికకూ ఒక నంబరు ఇచ్చి, అది పుట్టిన క్షణం నుంచి ముగిసేదాకా జరిగిన ప్రతి మార్పునూ నమోదు చేయడం. రెండో మాటకు జవాబు సబ్‌స్క్రిప్షన్. ఆ టికెట్‌లో ఏదైనా కదలిక వస్తే ఎవరికి కబురు వెళ్లాలో తేల్చే జాబితా అది. బగ్‌జిల్లాలో దాన్ని సీసీ లిస్టు అంటారు. జిరా, రెడ్‌మైన్‌లలో అందులో ఉన్నవాళ్లు వాచర్లు. లాంచ్‌ప్యాడ్, ఫ్యాబ్రికేటర్‌లలో సబ్‌స్క్రైబర్లు.

చూడ్డానికి చిన్న పెట్టె. అందులో నాలుగు పేర్లు. కానీ ఒక లోపం రెండు రోజుల్లో సరిదిద్దబడుతుందా, రెండేళ్లు మూలన పడి ఉంటుందా అన్నది చాలాసార్లు ఆ నాలుగు పేర్లే తేలుస్తాయి.

ఈ ఏర్పాటుకు తొలినాళ్లలో రూపం ఇచ్చినవాటిలో డెబియన్ ఒకటి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్వచ్ఛందంగా తయారుచేసే ఈ బృందం కోసం 1994లో ఇయాన్ జాక్సన్ ఒక బగ్ ట్రాకింగ్ వ్యవస్థను రాశారు. అది పూర్తిగా ఈమెయిల్ మీద నడుస్తుంది, ఈనాటికీ అలాగే నడుస్తోంది. లోపం నంబరు పక్కన ‘సబ్‌స్క్రైబ్’ అని చేర్చిన చిరునామాకు ఒక మెయిల్ పంపితే ఆ లోపం సంగతులన్నీ వస్తూ ఉంటాయి. అయితే వెంటనే కాదు. “నిజంగా మీరే అడిగారా?” అని ముందు ఒక మెయిల్ వస్తుంది. దానికి బదులిస్తేనే పేరు చేరుతుంది. ఇతరుల పేరుతో ఎవరో అల్లరికి చేర్చకుండా పెట్టిన కట్టుబాటు ఇది. అందులోనే ‘క్వయట్’ అనే మరో చిరునామా ఉంది. దానికి పంపిన సమాచారం రికార్డులో చేరుతుంది కానీ ఎవరి ఇన్‌బాక్స్‌కూ వెళ్లదు. నమోదు చేయాల్సిన ప్రతి సంగతీ అందరికీ చెప్పాల్సిన సంగతి కాదన్న ఎరుక అంత తొలినాళ్లలోనే ఉండడం మెచ్చుకోదగ్గది.

1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను ప్రపంచం ముందు పెట్టి మొజిల్లా ప్రాజెక్టును మొదలుపెట్టినప్పుడు టెర్రీ వైస్‌మన్ బగ్‌జిల్లాను రాశారు. నెట్‌స్కేప్ సొంతానికి వాడుకుంటున్న వ్యవస్థ స్థానంలో, ఎవరైనా లోపాలు చెప్పగలిగేలా తెచ్చిన పనిముట్టు అది. దాంతో కొత్త సమస్య వచ్చింది. ఆఫీసు లోపల యాభై మంది ఉన్నప్పుడు ఎవరికి చెప్పాలో అందరికీ తెలుసు. ముక్కూమొహం తెలియని వేలమంది వచ్చి చేరినప్పుడు ఆ తెలివిడిని యంత్రానికే నేర్పాలి. బగ్‌జిల్లా అందుకోసం ఒక పట్టికను తెచ్చింది. ఆ బగ్‌తో మీకున్న సంబంధం ఏమిటి అన్నది ఒకవైపు: మీరే చెప్పారా, మీకే అప్పగించారా, పరీక్షించే బాధ్యత మీదా, లేక కేవలం సీసీలో ఉన్నారా? ఏం జరిగింది అన్నది మరోవైపు: కొత్త వ్యాఖ్య వచ్చిందా, స్థితి మారిందా, ఫైలు జతయిందా, సీసీలో ఇంకొకరు చేరారా? ఈ రెండూ కలిసే ప్రతి గడిలోనూ మెయిల్ కావాలో వద్దో ఎవరికి వారే టిక్కు పెట్టుకోవచ్చు.

అదే బగ్‌జిల్లాలో మనుషులనే అనుసరించే వీలు కూడా ఉంది. ఒక సహోద్యోగిని ‘వాచ్’లో పెట్టుకుంటే ఆయనకో ఆమెకో వెళ్లే బగ్ మెయిళ్లన్నీ మీకూ వస్తాయి. ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడు, ఇంకొకరు వేరే ప్రాజెక్టుకు మారినప్పుడు పని మధ్యలో తెగిపోకుండా చూసే ఏర్పాటిది.

ఇక తెర వెనక జరిగేది చూద్దాం. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి మూలమైన ఆలోచనను ‘పబ్లిష్-సబ్‌స్క్రైబ్’ అంటారు. 1987లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ బర్మన్, థామస్ జోసెఫ్ తమ ఐసిస్ వ్యవస్థ గురించి రాసిన పరిశోధన పత్రంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. సమాచారం పుట్టించేవారికి దాన్ని ఎవరు చదువుతారో తెలియనక్కర్లేదు. చదివేవారు తమకు కావలసిన అంశం పేరు చెప్పి ఉంచితే చాలు, మధ్యనున్న వ్యవస్థ ఇద్దరినీ కలుపుతుంది. 1994లో వచ్చిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం దీనికి దగ్గరి పద్ధతినే ‘అబ్జర్వర్’ పేరుతో ప్రోగ్రామర్లందరి నోటా నానేలా చేసింది.

ఎవరో ఒక టికెట్ స్థితిని ‘ఫిక్స్‌డ్’గా మార్చారనుకుందాం. ట్రాకర్ ముందు ఆ సంఘటనను డేటాబేస్‌లో రాసుకుంటుంది. తర్వాత కబురు అందాల్సిన వారి జాబితా కూర్చుతుంది: చెప్పినవారు, పని అప్పగింత ఉన్నవారు, వాచర్లు, ఆ విభాగం మొత్తాన్నీ గమనిస్తున్నవారు, సీసీలో ఉన్న బృందంలోని సభ్యులు. ఒకే మనిషి మూడు దారుల్లో ఈ జాబితాలోకి వచ్చి ఉండవచ్చు, అప్పుడు రెండు పేర్లు తీసేయాలి. మార్పు చేసిన మనిషికే ఆ మార్పు గురించి చెప్పడం ఎందుకు? చాలా ట్రాకర్లు ఆ పేరూ తీసేస్తాయి, లేదా తీసేయమని చెప్పే వీలు ఇస్తాయి. ఆ టికెట్ చూసే అనుమతి లేనివారిని వడకట్టాలి. మిగిలినవారి సొంత ఎంపికలు చూడాలి. అప్పుడు గానీ మెయిళ్లు వరసలోకి వెళ్లవు. ఆ మెయిల్‌లో కంటికి కనబడని శీర్షికలు కొన్ని ఉంటాయి. ఒకే టికెట్‌కు చెందిన ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లో ఒక చోట చేరేది వాటివల్లే. బగ్‌జిల్లా, గిట్‌హబ్ పంపే మెయిళ్లలో ‘రీజన్’ అనే శీర్షిక కూడా ఉంటుంది. ఈ ఉత్తరం మీకు ఎందుకు వచ్చిందో అది చెబుతుంది: మీరు రాసిన బగ్ కాబట్టి, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారు కాబట్టి, లేదా మీరు ఫలానా విభాగాన్ని గమనిస్తున్నారు కాబట్టి. ఈ ఒక్క పదాన్ని పట్టుకుని మెయిల్ ఫిల్టర్ రాసుకుంటే రోజూ వచ్చే ఉత్తరాల గుట్ట సగానికి సగం చక్కబడుతుంది. చాలామంది ఇంజనీర్లు ఏళ్ల తరబడి ఆ మెయిళ్లు అందుకుంటూ కూడా దీన్ని వాడుకోకపోవడం విచారకరం.

జాబితాలో పేరు చేరే దారులు మూడు. తనంతట తాను చేరడం మొదటిది. యంత్రమే చేర్చడం రెండోది. గిట్‌హబ్‌లో ఒక ఇష్యూ కింద వ్యాఖ్య రాసినా, ఎవరైనా పేరు ముందు ‘యట్’ గుర్తు పెట్టి పిలిచినా, పని అప్పగించినా ఇక అక్కడి కబుర్లన్నీ వస్తూనే ఉంటాయి. మూడోది ఒకరు మరొకరిని చేర్చడం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

లాంచ్‌ప్యాడ్‌లో ‘వేరొకరిని సబ్‌స్క్రైబ్ చేయండి’ అనే ఏర్పాటు నేరుగా ఉంది. జిరాలో ఇతరులను వాచర్లుగా చేర్చాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఆ అనుమతి ఎవరికి ఇవ్వాలో ప్రాజెక్టు నిర్వాహకులు తేలుస్తారు. వికీపీడియా సాంకేతిక పనులు నడిచే ఫ్యాబ్రికేటర్‌లో టాస్కును మార్చగలిగినవారు ఎవరినైనా సబ్‌స్క్రైబర్‌గా చేర్చవచ్చు. వికీమీడియా సంస్థ 2014లో బగ్‌జిల్లా నుంచి దీనికి మారింది. తెలుగు వికీపీడియన్లకు ఇది కొత్త సంగతి కాదు. తెలుగు వికీ అమరికల్లో ఏదైనా మార్పు కావాలంటే ముందు సముదాయం చర్చించి ఏకాభిప్రాయానికి రావాలి, తర్వాత ఆ చర్చను చూపిస్తూ ఫ్యాబ్రికేటర్‌లో టాస్కు తెరవాలి. తెలుగు రాని ఇంజనీరు ఎక్కడో వేరే ఖండంలో కూర్చుని దాన్ని చేస్తారు. చేసే ముందు ఆయనకు ఒక సందేహం వస్తే దానికి జవాబు చెప్పగల తెలుగు మనిషి ఆ సబ్‌స్క్రైబర్ల జాబితాలో ఉండాలి. లేకపోతే ప్రశ్న అడిగినట్టు కూడా ఇక్కడెవరికీ తెలియదు, టాస్కు అలాగే ఉండిపోతుంది. ఇలాంటిచోట ఒకరిని చేర్చడం మేలు చేయడమే.

ఒకరి పేరు చేర్చడంలో ఇంకో సంగతి దాగి ఉంది. కొన్ని వ్యవస్థల్లో సీసీలో చేరడం అంటే కబురు అందడమే కాదు, లోపలికి అనుమతి రావడం కూడా. బగ్‌జిల్లాలో భద్రతకు సంబంధించిన బగ్‌లను ఒక గుంపుకు మాత్రమే కనిపించేలా దాచిపెడతారు. కానీ ఆ గుంపులో లేకపోయినా సీసీలో ఉన్నవారు చూడవచ్చు అనే వెసులుబాటును ఆ బగ్ మీదే అమర్చవచ్చు. మరమ్మతు కాని భద్రతా లోపం ఎంత విలువైన సరుకో 2015లో లోకానికి తెలిసింది. అధిక అనుమతులున్న ఒక బగ్‌జిల్లా ఖాతా పాస్‌వర్డును ఒక దుండగుడు సంపాదించాడని, బయటికి కనిపించని 185 బగ్‌లను చదివాడని, అందులో 53 తీవ్రమైన భద్రతా లోపాలని ఆ సెప్టెంబరులో మొజిల్లా ప్రకటించింది. ఆ ఖాతాదారు అదే పాస్‌వర్డును వేరే సైటులోనూ వాడడం, అక్కడి నుంచి అది బయటపడడం దీనికి కారణం. అలా తెలిసిన ఒక లోపంతో ఫైర్‌ఫాక్స్ వాడేవారి మీద దాడి జరిగిందని కూడా మొజిల్లా భావించింది.

అంతకన్నా ఆశ్చర్యకరమైన ఉదాహరణ గూగుల్‌ది. ఆ సంస్థ లోపల బగనైజర్ అని పిలిచే ట్రాకర్‌లో కొంత భాగం ఇష్యూ ట్రాకర్ పేరుతో బయటివారికీ తెరిచి ఉంటుంది. 2017లో అలెక్స్ బిర్సాన్ అనే భద్రతా పరిశోధకుడు దాన్ని పరీక్షించారు. ఏదైనా ఇష్యూకు నక్షత్రం గుర్తు పెడితే దాని కబుర్లు మెయిల్‌లో వస్తాయి. తనకు చూసే అనుమతి లేని ఇష్యూ నంబరుకు నక్షత్రం పెట్టి చూస్తే వ్యవస్థ అడ్డు చెప్పలేదు. కొత్తగా నమోదైన ఇష్యూలు వేల సంఖ్యలో ఎంచుకుని నక్షత్రాలు పెడితే లోపలివారి సంభాషణలు ఆయన మెయిల్‌కు రావడం మొదలైంది. వచ్చినవాటిలో ఎక్కువ భాగం అనువాద పనికి సంబంధించినవి కాబట్టి పెద్ద ముప్పు లేదు. గూగుల్ 5,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఆయన అంతటితో ఆగలేదు. సీసీ జాబితాలోంచి తన పేరు తీసేయమని అడిగే ఆదేశాన్ని పరిశీలించారు. తనకు ఏ సంబంధమూ లేని ఇష్యూ నంబరు ఇచ్చి ‘నన్ను తొలగించు’ అని పంపితే, అనుమతి ఉందో లేదో చూడకుండానే ఆ వ్యవస్థ బదులుగా ఇష్యూ వివరాలన్నీ పంపేసింది. తప్పుకునే మనిషికి అప్పటికే చూసే హక్కు ఉండే ఉంటుందని ఆ కోడ్ రాసినవారు అనుకున్నారు. ఆ ఒక్క ఊహ వల్ల ప్రపంచంలోని అతి సున్నితమైన భద్రతా నివేదికలు కొన్ని బయటివారికి అందుబాటులోకి వచ్చే స్థితి ఏర్పడింది. సంగతి తెలిసిన గంటలో గూగుల్ ఆ దారి మూసేసింది, 7,500 డాలర్లు ఇచ్చింది. సబ్‌స్క్రిప్షన్ అనేది చేర్చేటప్పుడూ తీసేటప్పుడూ రెండుచోట్లా అనుమతి అడగాల్సిన వ్యవహారమని ఇంత స్పష్టంగా చూపిన ఉదంతం మరొకటి కనబడదు.

భద్రత సంగతి అలా ఉంచితే, రోజువారీ పనిలో మనుషులను బాధించేది అతిగా వచ్చే కబుర్లే.

1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌లో జరిగినదాన్ని ఆ సంస్థ ఇంజనీర్లే తర్వాత రాసి ఉంచారు. ‘బెడ్‌లామ్ డీఎల్3’ అనే మెయిలింగ్ జాబితాలో సుమారు 13,000 మంది ఉద్యోగులు తమకు తెలియకుండానే ఉన్నారు. ఒకరు అది గమనించి “నన్ను తీసేయండి” అని జాబితాకే రాశారు. “నన్నూ” అని మరొకరు. “అందరికీ రిప్లై కొట్టడం ఆపండి” అని అందరికీ రిప్లై కొట్టినవారు ఇంకొందరు. గంటలో కోటిన్నర మెయిళ్లు, 195 గిగాబైట్లు. సర్వర్లు చతికిలబడ్డాయి. ఒక మెయిల్‌ను ఎంతమందికి పంపవచ్చో హద్దు పెట్టే ఏర్పాటు ఆ తర్వాత ఎక్స్‌చేంజ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది.

పాతికేళ్లు గడిచినా ఆ ప్రమాదం పోలేదు. వీడియో గేమ్‌ల తయారీకి వాడే అన్‌రియల్ ఇంజిన్ కోడ్ చూడాలనుకునే డెవలపర్లందరూ గిట్‌హబ్‌లో ఎపిక్ గేమ్స్ సంస్థ బృందంలో సభ్యులవుతారు. 2022లో ఒకరు తన కోడ్ మార్పును పంపుతూ ఆ బృందం పేరును ‘యట్’ గుర్తుతో ప్రస్తావించారు. సుమారు 4 లక్షల మందికి నోటిఫికేషన్ వెళ్లింది. ఒక బృందాన్ని ఒక్క పేరుతో పిలిచే సౌకర్యం పదిమంది ఉన్నప్పుడు వరం. ఆ పేరు వెనక ఎంతమంది ఉన్నారో పిలిచే మనిషికి కనబడకపోవడమే దాని లోపం.

గిట్‌హబ్ తన తొలినాళ్ల తీరును దిద్దుకోవాల్సి రావడం కూడా చెప్పుకోదగ్గదే. మొదట్లో నచ్చిన ప్రాజెక్టును గుర్తుపెట్టుకోవాలన్నా ‘వాచ్’ నొక్కాలి, దాని కబుర్లు కావాలన్నా ‘వాచ్’ నొక్కాలి. మెచ్చుకోలు వేరు, కబురు కావాలనుకోవడం వేరు అని 2012 ఆగస్టులో ఆ రెంటినీ విడదీశారు. మెచ్చుకోలుకు ‘స్టార్’ వచ్చింది. అయినా లోటు తీరలేదు. ఒక ఇష్యూ తమకూ ఎదురైందని చెప్పడానికి జనం ‘+1’ అని వ్యాఖ్య రాసేవారు. వందమంది రాస్తే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ వంద ఖాళీ ఉత్తరాలు. 2016 జనవరిలో పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నిర్వాహకులు ‘డియర్ గిట్‌హబ్’ అంటూ బహిరంగ లేఖ రాశారు. వారి ఫిర్యాదుల్లో ఇదొకటి. ఆ మార్చిలోనే బొటనవేలు గుర్తు లాంటి స్పందనలను గిట్‌హబ్ ప్రవేశపెట్టింది. లెక్క పెరుగుతుంది, ఎవరి ఫోనూ మోగదు.

ఫోను మోగితే ఏమవుతుంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో గ్లోరియా మార్క్ చాలా ఏళ్లుగా దీన్ని శాస్త్రీయంగా కొలుస్తున్నారు. 2008లో ఆమె బృందం ప్రచురించిన ప్రయోగంలో మధ్యమధ్య అంతరాయాలు ఎదురైనవారు పనిని తొందరగానే పూర్తిచేశారు, నాణ్యత తగ్గలేదు. కానీ ఒత్తిడి, విసుగు, కాలం తరుముతోందన్న భావన వారిలో ఎక్కువగా నమోదయ్యాయి. అంటే బయటికి కనిపించే పనిలో నష్టం లేదు, నష్టమంతా మనిషి లోపల. 2012లో ఆమె మరో అధ్యయనంలో 13 మంది ఉద్యోగులకు ఐదు రోజులు ఈమెయిల్ ఆపి, గుండె కొట్టుకునే తీరును పరికరాలతో కొలిచారు. మెయిల్ లేని రోజుల్లో వారు ఒక పని మీద ఎక్కువసేపు నిలవగలిగారు, ఒత్తిడి తగ్గింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కోస్టాడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 124 మందితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఇంకాస్త ఆచరణకు దగ్గరగా ఉంది. మెయిల్‌ను రోజుకు మూడుసార్లే చూడమన్న వారంలో, ఇష్టమొచ్చినన్నిసార్లు చూసుకున్న వారం కంటే వారికి ఒత్తిడి తక్కువగా ఉంది.

అతిగా వచ్చే కబురు ఒత్తిడి పెంచడంతో ఆగదు, అసలైన కబురును కప్పేస్తుంది. దీని పర్యవసానం అందరికన్నా బాగా తెలిసినవి ఆసుపత్రులు. అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలను పరిశీలించే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ మధ్య అలారాలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన ఘటనలు 98, వాటిలో 80 మరణంతో ముగిశాయి. రోగి పక్కన మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా వైద్య సిబ్బంది ఏమీ చేయనక్కర్లేనివే. రోజంతా వినీవినీ చెవి వాటిని పట్టించుకోవడం మానేస్తుంది, అవసరమైనది మోగినప్పుడు కూడా. ఇన్‌బాక్స్‌లో ప్రాణాలు పోవు. కానీ మనసు పనిచేసే తీరు ఒకటే. పనికిరాని నలభై ఉత్తరాల తర్వాత వచ్చిన నలభై ఒకటో ఉత్తరం, సర్వర్ పడిపోయిందని చెప్పేది, చదవకుండానే ఆర్కైవ్‌లోకి వెళ్తుంది.

మరి ఎక్కువమందికి తెలిస్తే ఎవరో ఒకరు స్పందిస్తారు కదా అనే వాదన ఉంది. టీమ్ లీడ్‌లు పదిమందిని సీసీలో పెట్టేది ఆ ధైర్యంతోనే. సామాజిక మనోవిజ్ఞానం చెప్పేది దీనికి విరుద్ధం. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే న్యూయార్క్‌లో కళాశాల విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వేర్వేరు గదుల్లో కూర్చుని మైకులో మాట్లాడుకుంటున్నప్పుడు అవతలి మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే వెళ్లి చెప్పారు. మరో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవారిలో అది 31 శాతానికి పడిపోయింది. వారు రాతిగుండె మనుషులేం కారు. చెప్పనివారు కూడా తమ గదుల్లో వణుకుతూ, చెమటలు పట్టి కనిపించారు. బాధ్యత ఐదుగురి మధ్య పంచుకుపోయింది, అంతే. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. పన్నెండు మంది వాచర్లు ఉండి అసైనీ (పని అప్పగించిన మనిషి) గడి ఖాళీగా ఉన్న టికెట్ అచ్చంగా అలాంటిదే.

అందుకే వాచర్‌కూ అసైనీకీ మధ్య గీత చెరిగిపోకూడదు. ఒకరు చేయాలి, కొందరికి తెలియాలి. ఆ ఒకరెవరో తేల్చడమే కష్టమైన పని. ఎక్లిప్స్, మొజిల్లా ప్రాజెక్టుల బగ్ నివేదికలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో 37 నుంచి 44 శాతం నివేదికలు కనీసం ఒకసారి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారాయని తేలింది. మారిన ప్రతిసారీ పాత మనిషికి తెలిసిన సందర్భం కొంత జారిపోతుంది. సబ్‌స్క్రైబర్ల జాబితా నిజంగా విలువ చేసేది అప్పుడే. పని వదిలేసిన మనిషి జాబితాలో కొనసాగితే కొత్త మనిషి అడిగే ప్రశ్న ఆయనకు అందుతుంది. పాత పేరును మర్యాదకో, సర్దుబాటుకో తీసేసే బృందాలు ఆ జ్ఞాపకాన్ని పోగొట్టుకుంటాయి.

యంత్రం చేత ఈ ఎంపిక చేయించే ప్రయత్నాలు ఎప్పటినుంచో ఉన్నాయి. జాన్ ఆన్విక్, లిండన్ హ్యూ, గెయిల్ మర్ఫీ 2006లో పాత బగ్‌లను చదివి కొత్త బగ్ ఎవరికి ఇవ్వాలో సూచించే మెషీన్ లెర్నింగ్ పద్ధతిని ప్రచురించారు. ఎక్లిప్స్ మీద దాని సూచనల కచ్చితత్వం 57 శాతం, ఫైర్‌ఫాక్స్ మీద 64 శాతం. జీసీసీ కంపైలర్ ప్రాజెక్టులో మాత్రం 6 శాతమే. పని ఎలా పంచుకుంటారో ప్రతి బృందానికీ ఒక తీరు ఉంటుంది, ఆ తీరు డేటాలో కనిపించనిచోట యంత్రం చేతులెత్తేస్తుంది. దానికంటే తేలికైన మార్గం నియమం రాసి పెట్టుకోవడం. గిట్‌హబ్ 2017లో తెచ్చిన కోడ్ ఓనర్స్ అలాంటిదే. కోడ్‌లో ఏ భాగానికి ఎవరు బాధ్యులో ఒక ఫైలులో రాస్తే, ఆ భాగాన్ని ఎవరు తాకినా బాధ్యులకు సమీక్ష కోసం కబురు దానంతటదే వెళ్తుంది. ఫ్యాబ్రికేటర్‌లో హెరాల్డ్ నియమాలు ఇదే పని చేస్తాయి: టాస్కు శీర్షికలో ఫలానా మాట ఉంటే, ఫలానా ప్రాజెక్టు ట్యాగు పడితే వీరిని చేర్చు.

లాంచ్‌ప్యాడ్ మరో మంచి సంగతిని గుర్తించింది. ఒకే బగ్ మీద అందరికీ ఒకే స్థాయి ఆసక్తి ఉండదు. అక్కడ సబ్‌స్క్రైబ్ చేసుకునేటప్పుడు ప్రతి వ్యాఖ్యా కావాలా, వ్యాఖ్యలు కాక మిగతా మార్పులు కావాలా, లేక బగ్ పరిష్కారమైనప్పుడో మళ్లీ తెరుచుకున్నప్పుడో మాత్రమే చెబితే చాలా అని ఎంచుకోవచ్చు. కస్టమర్‌తో మాట్లాడే సపోర్ట్ ఉద్యోగికి మూడోది చాలు. ఆమెకు కోడ్ మీద ఇంజనీర్లు చేసుకునే వాదనలు అక్కర్లేదు. “మీ సమస్య తీరింది” అని ఫోన్ చేయాల్సిన క్షణం తెలిస్తే ఆమె పని జరిగిపోతుంది. ఈ చిన్న ఎంపిక అన్ని ట్రాకర్లలోనూ ఉండాల్సింది. చాలావాటిలో లేదు. అన్నీ, లేదంటే ఏదీ లేదు అన్న ధోరణే ఇంకా ఎక్కువ.

సబ్‌స్క్రైబ్ చేయడం అంటే సాటి మనిషి దృష్టిలో కొంత భాగాన్ని ఆ మనిషి తరఫున మనం ఖర్చు పెట్టడం. ఆ హక్కు కొన్నిసార్లు మనకు ఉంటుంది. భద్రతా లోపం బయటపడితే సంబంధిత ఇంజనీరును అడగకుండా చేర్చడం తప్పు కాదు. కానీ చేర్చినప్పుడు ఒక వాక్యం రాయాలి: “శ్రావణి గారూ, పేమెంట్ మాడ్యూల్ మీరు రాశారు కనుక చేర్చాను, మూడో వ్యాఖ్యలోని ప్రశ్న చూడండి చాలు.” ఆ ఒక్క వాక్యంతో అవతలి మనిషికి పది నిమిషాలు మిగులుతాయి, ఏం ఆశిస్తున్నారో తెలుస్తుంది. అమెరికా ఆఫీసు పగలు మనకు అర్ధరాత్రి అయినచోట, ఉదయం లేచేసరికి నూట పాతిక మెయిళ్లు ఎదురుచూసేచోట, ఆ వాక్యం లేని చేర్పు మోయలేని బరువే.

అలాగే తప్పుకునే దారి అవమానంగా ఉండకూడదు. కొన్ని బృందాల్లో వాచర్ల జాబితాలోంచి పేరు తీసేసుకుంటే మేనేజరు ఏమనుకుంటారో అన్న జంకు ఉంటుంది. ఆ జంకు వల్ల అందరూ అన్నింట్లో ఉంటారు, ఎవరూ దేన్నీ చదవరు. ఫ్యాబ్రికేటర్, లాంచ్‌ప్యాడ్‌లలో ‘మ్యూట్’ ఉన్నది ఇలాంటప్పటికే. అది వాడుకోవడం పనిదొంగతనం కాదని బృందం పెద్దలే ముందు చేసి చూపించాలి.

మీరు ఇలాంటి ట్రాకర్‌తో రోజూ పనిచేసేవారైతే ఈ వారంలో ఒక అరగంట దానికి కేటాయించండి. మీరు వాచర్‌గా ఉన్న టికెట్ల జాబితా తెరవండి. మూతబడినవీ, మీకు ఇక సంబంధం లేనివీ వదిలేయండి. మీరు ఇతరులను చేర్చినవి చూడండి, ఎందుకు చేర్చారో రాయకపోతే ఇప్పుడు రాయండి. అసైనీ లేకుండా వాచర్లు మాత్రమే ఉన్న టికెట్ కనబడితే దాన్ని రేపటి స్టాండప్‌లో పేరు పెట్టి అడగండి: ఇది ఎవరు చేస్తున్నారు?